పసిబిడ్డల ముచ్చటలు - పోయిన పెద్దలు

మా బిడ్డకు పదునాలుగు నెలలు నిండినను అడుగు పడలేదు. గోడను పట్టుకొని నిలుచును, గడపదాక పాకివచ్చి, అచ్చట ఆగి, ఎవరైన ఎత్తుకొందురేమోయని చేతులు చాపును, అంతియే. ప్రక్కయింటి పిల్లవాడు పదియవ నెలలోనే వాకిటనంతయు తిరుగుచుండుటచేత మా ఇంటిలోనివారికి బెంగ పట్టుకొన్నది. ఒకనాటి సాయంకాలము నా భార్య, "మీరు ఎన్నో నెలకు నడిచినారంట?" అని నన్నడిగినది. నేను వెంటనే వంటింటివైపు తిరిగి, "అమ్మా" అని పిలువబోయితిని. పిలుపు సగములో ఆగినది. మా యమ్మ పోయి అప్పటికి పది నెలలైనది.

శ్రోతలలో ఇట్టిది ఎఱుగనివారు కొలదిమందియే యుందురు. బిడ్డ మొదటిసారి బోర్లపడును, పలుకును, నవ్వును. ఆ క్షణమున ఎవరితో ముందుగా చెప్పవలెనని మనసు పరుగెత్తునో, ఆ మనిషి లేరని మఱుక్షణమున తెలియును. శ్రీ సత్యసాయి జిల్లాలో, కదిరి సీమయందలి నల్లచెరువు మా యూరు. మావంటి పల్లెలలో ఇట్టి వార్తలు చెప్పుకొనుటకు మనుష్యులకు కొదువ లేదు. అయినను ఒకరికి చెప్పవలసినది మఱియొకరికి చెప్పి తృప్తిపడుట అంత సులభము గాదు.

దీనికి కారణము ప్రేమయొక్కటియే కాదని నాకు తోచుచున్నది. తల్లిగాని తండ్రిగాని పోయినప్పుడు, వారితోపాటు మనదైన సొత్తు ఒకటి పోవుచున్నది. అది మన శైశవము. మూడేండ్లు, మూడున్నరయేండ్లు నిండకమునుపు జరిగినది పెద్దయైన పిమ్మట సాధారణముగా ఎవరికిని జ్ఞాపకముండదు. వియన్నా నగరపు వైద్యుడు ఫ్రాయిడ్ 1905లో ఈ మఱపును గూర్చి వ్రాసి, దానికి శైశవ విస్మృతి యను అర్థము వచ్చు పేరు పెట్టినాడు. ఆయన చెప్పిన కారణములను నేటి శాస్త్రజ్ఞులు చాలవఱకు ఒప్పుకొనరు. మఱపు ఉన్నదనుమాట మాత్రము అందఱు నొప్పుకొందురు. నేను ఎప్పుడు కూర్చుంటినో, ఏ మాట మొదట పలికితినో నాకు తెలియదు. తెలిసినది మా యమ్మకు. నా కథలో మొదటి మూడేండ్ల కాగితములు ఆమెయొద్ద నుండెను. ఆమె పోవునప్పుడు నేను వానిని అడిగి పుచ్చుకొనలేదు. అట్టివి యున్నవనియే నాకు అప్పుడు తోచలేదు.

బిడ్డ పుట్టినవారికే ఈ లోటు తెలియును. మన బిడ్డ అడుగు ప్రక్కన మన అడుగును పెట్టి చూచుకొనవలెనని కోరిక పుట్టును. పోయిన అవ్వతాతలతో బిడ్డ ముచ్చటలు చెప్పుకొనుట యనగా, వార్త పంపుట సగము. వారు దాచిన జవాబును వెదకుట తక్కిన సగము.

పటము ఎదుట నిలిచి మాటాడువారిని చూచి కొందఱు నవ్వుదురు. మఱికొందఱు మనసు చెడినదేమోయని భయపడుదురు. ఈ భయమునకు పెద్దల మాటయొకటి ఆధారముగా నుండెను. ఫ్రాయిడే 1917లో దుఃఖమును గూర్చి వ్రాయుచు, పోయినవారినుండి మనసును కొంచెము కొంచెముగా విడదీసికొనుటయే దుఃఖము చేయవలసిన పని యని చెప్పినాడు. చాలకాలము వైద్యులు ఆ త్రోవనే నడిచిరి. అమెరికాదేశమునందు 1996లో క్లాస్, సిల్వర్‌మన్, నిక్‌మన్ అను మువ్వురు పండితులు, తెగక సాగు బంధములు అని అర్థము వచ్చు పేరుతో ఒక గ్రంథమును ప్రకటించిరి. పోయినవారితో సంబంధము తెగదనియు, రూపము మార్చుకొని సాగుచుండుననియు, అది వ్యాధి కాదనియు అందలి సారాంశము. దుఃఖమునందే మునిగి అన్నపానములను, బిడ్డను మఱచువారి సంగతి వేఱు; వారికి తోడు కావలెను, వైద్యుడును కావలెను. నేను చెప్పుచున్నది బిడ్డను చంకనెత్తుకొని పటము ఎదుట నిలిచి రెండు మాటలాడి, మరల పొయ్యిదగ్గఱకు పోవు తల్లుల సంగతి.

మన దేశమున ఈ సంగతి క్రొత్తది కాదు. శుభకార్యములకు ముందు నాందీశ్రాద్ధమని యొకటి చేయుదురు. శ్రాద్ధమనగానే మనకు విచారము, నువ్వులు, నీళ్లు తోచును. ఇది అట్టిది గాదు. విష్ణుపురాణము తృతీయాంశమునందు దీనిని చేయవలసిన సందర్భములు చెప్పబడినవి: పెండ్లి, క్రొత్తయింటి ప్రవేశము, సీమంతము, బిడ్డకు పేరు పెట్టుట, పుట్టువెండ్రుకలు తీయుట, కడకు పుట్టిన బిడ్డ ముఖమును చూచుట. ఆ సమయమున పిలువబడు పితృదేవతలకు నాందీముఖులని పేరు. సంతోషముతో వికసించిన ముఖము గలవారని చెప్పుదురు. ఈ శ్రాద్ధములోని మార్పులను చూడుడు. తక్కిన శ్రాద్ధములలో నువ్వులు వాడుచోట దీనిలో యవలు వాడుదురు. జందెము అపసవ్యము చేయక, దేవకార్యమునందువలె సవ్యముగానే యుంచుకొందురు. అపరాహ్ణమున గాక ఉదయముననే చేయుదురు. అన్నిటికంటె నాకు ప్రియమైనది వరుస. తక్కినచోట్ల తండ్రి, తాత, ముత్తాత ముందు వత్తురు. ఇక్కడ తల్లి, అవ్వ, ముత్తవ్వ మొదట. పిమ్మట తండ్రివైపు పెద్దలు. ఆపైని తల్లిని కన్నవారివైపు పెద్దలు. బిడ్డ వార్తను ఎవరు ముందుగా వినదగునో ఆ వరుసను ఏర్పఱచినవారికి బాగుగా తెలిసియుండెనని నేననుకొందును. పోయినవారిని దుఃఖదినములందే గాక, ఇంటిలో బిడ్డ నవ్వినదినమునను పిలువవలెననునదే అందలి ఆశయము.

పురోహితుని పిలుచుకొనని ఇండ్లలోను ఈ పని జరుగుచునేయున్నది. భాద్రపద బహుళ అమావాస్యనాడు, అనగా పెద్దల అమావాస్యనాడు, పోయినవారికి ఇష్టమైన వంటకము చేసి, క్రొత్తబట్ట పెట్టి, పిల్లలచేత మ్రొక్కించుట మన పల్లెలలో అలవాటు. ముసల్మానుల ఇండ్లలో షబే బరాత్‌నాడు సమాధులకడకు పోయి, మిఠాయిపై ఫాతిహా చదివి పిల్లలకు పంచుదురు. కతోలికులు నవంబరు 2వ తేదీన సమాధులయొద్ద కొవ్వొత్తులు వెలిగింతురు. బిడ్డను ఎత్తుకొని పోయి, "ఇదిగో, నీ మనుమరాలు" అని చూపని తల్లి ఏ మతమునందున్నది?

బిడ్డల ఎదుగుదలకు తెలుగువారు కట్టిన తిండ్ల లెక్కను అందఱు నెఱుగుదురు. నవ్వినప్పుడు నువ్వుండలు, బోర్లపడినప్పుడు బొబ్బట్లు, పాకినప్పుడు పాయసము, అడుగు వేసినప్పుడు అరిసెలు, పలికినప్పుడు చిలుకలు. మావైపు బొబ్బట్లను ఓళిగలందురు. ప్రాస చెడినమాట నిజమేకాని తినువారికి నష్టము లేదు. ఈ లెక్కలో ఒక కిటుకున్నది. పండ్లు రాని బిడ్డ బొబ్బట్టును తినలేదు. అవి ఇరుగుపొరుగువారికొఱకు చేసినవి. తట్టతో ఇల్లిల్లు తిరిగినప్పుడు, "ఏమి విశేషము?" అని వారడుగుదురు, "మా బిడ్డ బోర్లపడినది" అని వీరు చెప్పుదురు. అక్షరజ్ఞానము లేని ఊరిలో ఇదియే బిడ్డ దినచర్య పుస్తకము. ఎవరింట ఓళిగ తింటిమో జ్ఞాపకమున్నంతకాలము ఆ బిడ్డ ఎప్పుడు బోర్లపడెనో జ్ఞాపకముండును. మా ఇంటిలో ఆ మొదటి ఓళిగను ఎవరికిని పెట్టకముందు పటము ఎదుట నుంచుదుము. ఇది మా యమ్మ తన అత్తగారికి చేసిన మర్యాద. ఇప్పుడు ఆమెకు నా భార్య చేయుచున్నది.

పేర్ల సంగతియు నిట్టిదే. బిడ్డకు తండ్రివైపు మూడు తరముల పెద్దలను అనుసరించు పేరు పెట్టవలెనను యాజ్ఞికుల మాటను పతంజలి తన మహాభాష్యమున ఉదాహరించినాడు. ఓరుగల్లు నేలిన కాకతీయుల వంశావళిని చూచినచో మొదటి బేతరాజు, ఆయన కొడుకు మొదటి ప్రోలరాజు, ఆ ప్రోలుని కొడుకు రెండవ బేతరాజు, ఆయన కొడుకులలో ఒకడు రెండవ ప్రోలరాజు. తాత పేరు మనుమనికి వచ్చుచు, నడుమనొక తరము విడుచుచు నడచినది. ఇంటిలో దీనివలన ఒక చిక్కు వచ్చును. అత్తగారి పేరు నోట పలుకని కోడలు ఆ పేరే గల తన కూతును ఎట్లు పిలుచును? "అవ్వా" అని పిలుచును, "అమ్మా" అని పిలుచును, ముద్దుపేరు పెట్టును. తెలుగునాట కన్నవారు ఆడుబిడ్డను "అమ్మా" అనియు, మగబిడ్డను "నాయనా" అనియు పిలుచుట ఎంత సహజమో మనము గమనింపము. నేను మా బిడ్డను "రామ్మా, రా" అని పిలుచునప్పుడు ఎవరిని పిలుచుచున్నానో కొన్ని వేళల నాకే తెలియదు.

ఈ కోరిక మన దేశమునకు మాత్రమే చెందినదని అనుకొనరాదు. జపానుదేశమున ఇవాటె మండలమునందు ఒట్సుచి యను సముద్రతీరపు ఊరు కలదు. అచ్చట ఇతారు ససాకి యను నాతడు, తన దాయాది పోయిన దుఃఖమున, 2010లో తన తోటలో తెల్లని చిన్న టెలిఫోను గదినొకదానిని నిలిపినాడు. అందలి ఫోనునకు తీగ లేదు. మాటను గాలి మోసికొని పోవలెనని దానికి గాలి టెలిఫోను అని పేరు పెట్టినాడు. 2011 మార్చి 11వ తేదీన భూకంపము వచ్చి సముద్రము ఆ తీరముపై విరుచుకొనిపడినది. ఆ ఊరివారు అనేకులు పోయిరి. అటుపిమ్మట ఆ గది అందఱికిని తెఱువబడినది. వేలకొలది జనులు వచ్చి, ఫోను చేతబట్టి, పోయినవారితో ఇంటి సంగతులు చెప్పుకొని పోయినారు. వినువారు కానరాకున్నను మాట చెప్పవలెనని మనసునకుండును. నేనును ఇప్పుడు తలుపులు మూసిన గదిలో, ఎదుట ఒక్కరును లేకయే, మీతో మాటాడుచున్నాను గదా.

పెద్దలు తమలో తాము ఎట్లు చెప్పుకొన్నను తప్పులేదు; బిడ్డతో చెప్పునప్పుడు మాత్రము కొంచెము జాగ్రత్త కావలెను. ఒకటిన్నరయేండ్లు, రెండేండ్లు వచ్చుసరికి పటములోనిది వేఱొక వస్తువునకో మనిషికో గుర్తు అని పిల్లలకు తెలియవచ్చును. ఆ ప్రాయమున పటము చూపి, "ఇది అవ్వ" అని చెప్పిన, బిడ్డ వ్రేలు చాపి, "అవ్వ" అనును. మరణమనగా తిరిగి రాకుండుటయని తెలియుటకు అయిదు మొదలు ఏడేండ్లు పట్టును. నడుమనున్న ఏండ్లలో మనము తొందరపడి, "అవ్వ నిద్రపోయినది" అందుము; బిడ్డ నిద్రకే భయపడవచ్చును. "ఊరికి పోయినది" అందుము. మా కదిరి సీమయందు ఇది మఱింత చిక్కు. వేరుశనగ పైరు ఎండిన యేట తండ్రి బెంగుళూరికి కూలికి పోవును. కొందఱి తల్లులు కువైటునకు పోయి రెండేసి యేండ్లు రారు. ఆ బిడ్డలను పెంచువారు అవ్వలే. అవ్వయు పోయినప్పుడు, "ఊరికి పోయినది" అని చెప్పినచో, అమ్మ పోయిన ఊరును అవ్వ పోయిన ఊరును బిడ్డకు ఒక్కటియగును. ఒకరు వత్తురు, ఒకరు రారు. ఆ బిడ్డ ఏ ఊరిని నమ్మవలెను? "అవ్వ చనిపోయినది. ఇంక రాదు. నిన్ను ఎత్తుకొని ఆడించినది" అని మూడు చిన్నమాటలు చెప్పుట మేలు. బిడ్డకు మొదటి రెండును అర్థము కాకపోవచ్చును; మూడవది అర్థమగును.

ఇంకొక సంగతి. ఈ దినములలో బిడ్డ నవ్వినను ఏడ్చినను చేతిఫోనులో బొమ్మ తీసి బంధువులకు పంపుచున్నారు. పోయినవారి నంబరునకును పంపుచున్నవారు కలరు. ఆ పని తప్పనను. అయితే కొంతకాలము వాడనిచో ఆ నంబరును కంపెనీవారు వేఱొకరికి ఇత్తురు. తల్లికి పంపిన బొమ్మకు పరాయివాడు, "మీరెవరు?" అని జవాబు వ్రాసినచో ఆ దుఃఖము చెప్పనలవి గాదు. పోయినవారి గొంతు ఏ ఫోనులోనైన నున్నచో ముందుగా దానిని వేఱొకచోట దాచుకొనవలెను. మా యమ్మ గొంతు పదునొకండు సెకనులు మాత్రము మాకు మిగిలినది. అందులో ఆమె కొత్తిమీర తెమ్మనుచున్నది.

మా బిడ్డ నడక సంగతికి వచ్చెదను. నా భార్య ప్రశ్నకు జవాబు చెప్పువారెవరని వెదకగా, మా వీధి చివరనున్న ముసలమ్మ యొకతె జ్ఞప్తికి వచ్చినది. ఆమెయు మా యమ్మయు ఒక్కయేడే ఆ వీధికి కోడండ్రుగా వచ్చినవారు. బిడ్డను ఎత్తుకొని ఆమెకడకు పోతిని. సంగతి విని ఆమె నవ్వి, తారీకులు లేకయే లెక్క చెప్పినది. "కదిరి తేరునాటికి నీకు ఏడాది నిండిందప్పా. అప్పటికి నిలబడను కూడా లేదు. విత్తనపు కాయలు వొలిచే దినాల్లో మీయమ్మ గంప పట్టుకొని లేచి నిలబడినావు. తొలివాన పడి, విత్తనం వేసినంక గదా నడిచింది! మీయమ్మ ఎంత దిగులు పడిందో నాకు తెల్సు" అన్నది.

కదిరి నరసింహస్వామి తేరు ఫాల్గుణమాసమున జరుగును. తొలకరి విత్తనము జూను నెలాఖరునకుగాని పడదు. లెక్క చూచినచో నేను నడచునాటికి పదునైదు నెలలు దాటినవి. మా యమ్మ ఆ దిగులును ఇన్నేండ్లలో ఒక్కసారియైనను నాతో చెప్పలేదు. నేను నడచిననాడే ఆమె దానిని మఱచియుండును.

వైద్యునిని అడిగితిమి. ఆయన చెప్పినదియు ఇట్లే యున్నది. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు భారతదేశము, ఘానా, నార్వే, ఒమాన్, అమెరికా అను అయిదు దేశములలో ఆరోగ్యవంతులైన పిల్లలను పరీక్షించి 2006లో ప్రకటించిన లెక్కలో, పట్టులేకుండ కూర్చుండుట నాలుగవ నెల మొదలు తొమ్మిదవ నెల దాటువఱకును, ఒంటిగా నడచుట ఎనిమిది నెలలు దాటినది మొదలు పదునేడున్నర నెలల వఱకును ఎప్పుడైన జరుగవచ్చునని తేలినది. నూటికి నలుగురు పిల్లలు చేతులు, మోకాళ్లు ఊని పాకకయే నడచిరి. కావున పదియవ నెలలో నడచిన పొరుగింటి పిల్లవాడును, పదునాలుగు నెలలకు నడవని మా బిడ్డయు ఒక్క వాకిటిలోనివారే. పదునెనిమిది నెలలు నిండినను నడవనిచో మాత్రము ఆలస్యము చేయక చూపవలెనని ఆయన హెచ్చరించినాడు. అంగన్‌వాడిలో ఇచ్చు తల్లీబిడ్డల కార్డునందు ఈ ఎదుగుదల గుర్తులు అచ్చువేయబడియున్నవి. టీకాల తేదీలతోపాటు వానికెదుట కూడ తేదీలు వ్రాసికొనుట మంచిది. మేమొక చిన్న పుస్తకము కుట్టి, ప్రతి పుటయందును మూడు గడులు గీసితిమి. ఒకటి బిడ్డది. ఒకటి నాది, నా భార్యది. మా అత్తగారు ఉన్నారు గనుక నా భార్య గడి ఒక్క పూటలో నిండినది. నా గడిలో ముసలమ్మ చెప్పిన తేరును, విత్తనపు కాయలును, తొలివానయు వ్రాసితిమి. మూడవ గడి మా యమ్మది. ఆమె ఎన్నో నెలకు నడిచెనో చెప్పువారు ఈ భూమిమీద ఎవరును లేరు. ఆ గడిని ఖాళీగానే యుంచితిమి.

పదునైదు నెలల తొమ్మిది దినములకు మా బిడ్డ వంటింటి గడపనుండి నా మోకాళ్లదాక నాలుగడుగులు వచ్చి కూలబడినది. ఆ పూటనే నా భార్య ఓళిగలు చేసినది. మొదటిది పటము ఎదుట నుంచి, బిడ్డను ఎత్తుకొని నిలిచి, "నడిచింది అత్తా" అన్నది. రెండవది నేను ముసలమ్మకు తీసికొనిపోతిని. ఆమె ఓళిగను చేత పట్టుకొని, "మీయమ్మతో చెప్పినారా?" అని అడిగినది. చెప్పితిమంటిని. "అయితే సరి" అని, ఒక చిన్న తునుక త్రుంచి మొదట బిడ్డ నోట పెట్టినది.